లేవగానే కండ్లు తిరిగితే బి.పి. గోలీ మానాలా?

మా రాయికోడ్‌లో బి.పి. మాత్రను ఎవరూ మాత్ర అనరు, గోలీ అంటారు. ఆ గోలీ వేసుకునే పెద్దమనిషి ఎవరైనా లేచి నిలబడి "కండ్లు తిరుగుతున్నయి" అంటే చాలు, అరుగు మీది నలుగురూ ఒకటే మాట: "గోలీ ఎక్కువైంది, బంద్ చెయ్యి."

మా అత్తమ్మకు డెబ్భై రెండేళ్లు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. పోయిన చలికాలం నుంచి పొద్దున్నే మంచం దిగగానే గోడ పట్టుకునేది. "కండ్లకు చీకట్లొస్తున్నయి బిడ్డా" అనేది. పక్కింటావిడ మాట విని, మాకెవరికీ చెప్పకుండా గోలీలు మానేసింది. మూడు వారాల తర్వాత మా వాడకు వచ్చిన నర్సమ్మ చూస్తే 190కి 100! విచిత్రమేమిటంటే, గోలీ మానినా చీకట్లు రావడం మాత్రం ఆగలేదు. ఒకరోజు స్నానాల గదిలో పడబోతే మా పిల్ల పట్టుకుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

జహీరాబాద్‌లో డాక్టరుగారు ఆమెను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బి.పి. చూశారు. నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూశారు. పడుకుంటే 178, నిలబడితే 146. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లెక్కలోకి వస్తుందట. ఇన్నేళ్లలో ఆమెను నిలబెట్టి చూసినవాళ్లే లేరు, నాకు అదే ఆశ్చర్యం.

మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. వెంటనే నరాలు రక్తనాళాలను బిగించి దాన్ని పైకి తోస్తాయి. వయసు, షుగరు, ఏళ్ల తరబడి అదుపులేని బి.పి. ఈ ఏర్పాటును మొద్దుబారుస్తాయి. అంటే బి.పి.ని వదిలేస్తే తల తిరుగుడు తగ్గదు సరికదా, పక్షవాతం, గుండెపోటు భయం అదనం. 2024లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఇదే చెప్పింది: ఇలాంటివారికి చికిత్స ఆపడమో తగ్గించడమో కాదు, ముందు మందుల రకం చూడాలని.

అత్తమ్మ పాత చీటీలో ప్రాజోసిన్ ఉంది. ఆ జాతి మందులు నిలబడినప్పుడు బి.పి.ని ఎక్కువ పడేస్తాయి. కొన్ని గుండె మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు కూడా కొందరిలో అంతే. మగవాళ్లకు ప్రోస్టేటు కోసం ఇచ్చేవాటిలోనూ అలాంటివి ఉన్నాయి, కాబట్టి ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టరుగారు దాన్ని తీసేసి టెల్మిసార్టాన్ రాశారు. ఇది ఆమెకు రాసిన మందు, మీవాళ్లకు మీరే మార్చకండి.

పక్కింటావిడ ఊరుకోలేదు. "ఉప్పేసిన సల్ల తాగియ్యి" అంది. బి.పి. ఎప్పుడూ తక్కువుండేవాళ్లకు ఆ మాట చెల్లుతుంది గానీ, 190 ఉన్న మనిషికి ఉప్పెక్కడ పోస్తాం! దాని బదులు మంచం దిగేముందు రెండు గ్లాసుల మంచినీళ్లు ఇస్తున్నాను. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం నీళ్ల సంగతి డాక్టరును అడగాలి. తర్వాత కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, పాదాలు ఆడించి, పిడికిళ్లు బిగించి అప్పుడు లేస్తుంది. మంచానికి తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. ఇలాంటివారికి చదునుగా పడుకుంటే రాత్రంతా బి.పి. పెరిగి, మూత్రం ఎక్కువ పోయి, తెల్లారేసరికి ఒంట్లో నీరు తగ్గుతుందట. "ఇటుకల మీద మంచమేంది, పీనుగునా నేను?" అని రెండు రోజులు అలిగింది లెండి.

కడుపునిండా తిన్నా, మరీ వేడినీళ్లు పోసుకున్నా బి.పి. దిగుతుంది. అందుకని మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు ఒకేసారి పెట్టకుండా ఒకటి ఇప్పుడు, ఒకటి సాయంత్రం పెడుతున్నాను. స్నానానికి గోరువెచ్చని నీళ్లు, కూర్చోవడానికి పీట.

మూడు నెలలకు పడుకుంటే 142, నిలబడితే 130 వచ్చింది. వీరభద్రస్వామి గుడి వరుసలో నిలబడేటప్పుడు కాళ్లు కత్తెరలా వేసి పిక్కలు బిగించమని నేర్పాను. ముందున్న ముసలామెకు కూడా అదెట్లాగో చూపించి, తన వంతు దాటిపోయేదాకా ముచ్చట పెట్టింది.