గాలి లేదని చెప్పడానికి నోరుండదు!

సినిమాలో హీరో నీళ్ళలోకి దూకితే మనకు బెంగ ఉండదు. ఎంతసేపు మునిగినా క్రాపు చెదరకుండా తేలతాడని తెలుసు! కాని నేను మునిగింది పటాన్‌చెరు దారిలో ఓ ఈతకొలనులో. అక్కడ 'కట్' చెప్పే డైరెక్టరు లేడు.

హైదరాబాదు దాటి బొంబాయి రోడ్డెక్కితే ఇక్రిశాట్ పొలాలు, మందుల ఫ్యాక్టరీలు, ముక్కుకు ఘాటు వాసన. ఇంకా పోతే సంగారెడ్డి, మంజీర. అంత నీరుండగా కొలనెందుకు అంటారా? మంజీర మొసళ్ళ అభయారణ్యం మహాశయా! అందుకే సముద్రానికి వెళ్ళేముందు స్కూబా పాఠాలు కొలనులోనే.

వీపున సిలిండరు, నోట్లో గొట్టం. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ కలిసి తయారుచేసిన 'ఆక్వాలంగ్' సంతతే ఇది. ఆ కూస్తో, లూయీ మాల్‌తో కలిసి తీసిన 'ది సైలెంట్ వరల్డ్' 1956లో కాన్ ఉత్సవంలో అగ్రబహుమతి కొట్టేసింది.

నాకు జోడీ ఓ రసాయనాల ఫ్యాక్టరీ ఆపరేటరు. దిగేముందు ఒకరి సామాను ఒకరం తనిఖీ చేసుకున్నాం. అడుగున ఉండగా గురువుగారు నా సిలిండరు వాల్వు కట్టేశారు. అదే పరీక్ష! కాసేపటికి గాలి రాలేదు. నిజం చెప్పొద్దూ, పైకి తన్నుకుపోదామనిపించింది. లోతులో అదే ముప్పు. 10 మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి.

అరచేతిని కత్తిలా మెడముందు అడ్డంగా ఆడించాను. 'గాలి లేదు' అని గుర్తు. కుర్రాడు అప్పటికే నన్నే చూస్తున్నాడు. తన రెండో గొట్టం అందించి, ముంజేయి పట్టుకుని, నెమ్మదిగా పైకి తెచ్చాడు.

ఒడ్డున చాయ్ తాగుతూ అడిగాను: "భయం వెయ్యలేదా తమ్ముడూ?"

"నీళ్ళల్ల ఏం భయమన్నా! ట్యాంకుల్లనే భయం. లోపట ఒకడు పడ్తే తీయనీకి ఇంకొకడు దుంకుతడు. ఆడు గూడ లేవడు."

నా చాయ్ చల్లారిపోయింది. విషవాయువులుండే ట్యాంకులో దిగే మనిషికి గాలి పరికరం, నడుముకు పట్టీ, దానికి తాడు, ఆ తాడు కొస బయట ఒకరి చేతిలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. కొలనులో నేర్చుకున్నదీ అదే: సగం ప్రాణం వీపున, సగం పక్కవాడి చూపులో.

తెరమీద హీరో ఒంటరిగా మునిగితే ఈలలు వేయండి, అభ్యంతరం లేదు. కాని మీ ఇంట్లో ట్యాంకులో దిగేవాడుంటే, తాడు ఎవరు పట్టుకుంటున్నారో ఒక్కమాటు అడగండి.