నియమానికి నెలవు ఎక్కడ?

ధర్మం ఒక్కటే అయినా దానిని ఆచరించే ద్వారాలు అనేకం. ద్వారానికొక ధర్మం చొప్పున పుట్టినప్పుడు వివాదం అనివార్యం. ఈ సత్యం యజ్ఞశాలకు ఎంత వర్తిస్తుందో, గుంటూరు మిర్చి యార్డు కాటాకు కూడా అంతే వర్తిస్తుంది.

పూర్వపు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన పర్చూరు ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన ఒక యువకుడు గుంటూరులో సాఫ్ట్‌వేర్ వృత్తిలో స్థిరపడ్డాడు. ఒక కమీషన్ వ్యాపారి కోరికపై ఆయన దుకాణపు లెక్కలకు ఒక వెబ్ అప్లికేషన్ నిర్మించాడు. కాటా వద్ద గుమాస్తా బరువు నమోదు చేస్తాడు. రైతు ఫోనుకు సందేశం వెళుతుంది. సాయంకాలానికి పట్టీ ముద్రితమవుతుంది. ఈ మూడింటికీ ఆధారమైన నియమం ఒక్కటే: మొత్తం బరువు నుండి టిక్కీకి ఇంత అని గోతపు బరువు తీసివేయాలి, మిగిలిన క్వింటాళ్ళను ధరతో గుణించాలి.

నియమం ఒక్కటే గాని, ఆ యువకుడు దానిని మూడు చోట్ల వ్రాశాడు. గుమాస్తా చూసే తెరలో ఒకసారి, సందేశం పంపే ప్రోగ్రాములో ఒకసారి, పట్టీని తయారు చేసే డేటాబేస్ ఆదేశంలో ఒకసారి. త్వరగా పని ముగించాలనే ఆతురతే దీనికి హేతువు.

ఒక మాఘమాసంలో తేలిక గోతాలు వచ్చాయి. టిక్కీకి కిలో తరుగు స్థానంలో అర కిలో చాలునని వ్యాపారి న్యాయంగానే నిర్ణయించాడు. యువకుడు తెరను, సందేశాన్ని మార్చాడు, పట్టీని విస్మరించాడు. ఫాల్గుణంలో అతని తండ్రే అదే దుకాణానికి 40 టిక్కీలు తెచ్చాడు. మొత్తం బరువు 1,720 కిలోలు, ధర క్వింటాకు 15,000 రూపాయలు. ఫోనులో 1,700 కిలోలకు 2,55,000 రూపాయలని వచ్చింది. పట్టీలో 1,680 కిలోలకు 2,52,000 అని ఉన్నది. చేతికందినది పట్టీ ప్రకారమే.

ఆ రాత్రి తండ్రి రెండింటినీ కుమారుని ముందు పెట్టి, "అబ్బాయ్, ఫోన్లో ఒక లెక్క, కాగితంలో ఒక లెక్క. నేను దేన్ని నమ్మాలిరా?" అని అడిగాడు. ఆ స్వరంలో కోపం లేదు. అందువల్లనే ఆ ప్రశ్న కుమారునికి మరింత దుర్భరమైంది.

వెబ్ అప్లికేషన్ నిర్మాతలు బిజినెస్ లాజిక్ అని వ్యవహరించేది ఇటువంటి నియమాన్నే. దానికి స్థానమెక్కడ అనే జిజ్ఞాస నూతనమైనది కాదు. 1979లో ట్రిగ్వే రీన్‌స్కాగ్ అనే నార్వే దేశీయుడు జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే విభాగాన్ని ప్రతిపాదించాడు. నేటి వెబ్ అప్లికేషన్లలో ఆ విభాగం రూపాంతరం చెందినా, దాని ఆశయం నిలిచే ఉన్నది. చూపేది వ్యూ, వచ్చిన కోరికను తగిన చోటికి నడిపేది కంట్రోలర్, వ్యవహారపు అర్థాన్ని ధరించేది మోడల్. వీటి వెనుక సమస్తాన్నీ భద్రపరచే డేటాబేస్ ఉంటుంది.

వేదాంత పరిచయం గలవారికి ఈ విభాగం అపరిచితంగా తోచదు. కఠోపనిషత్తు తృతీయ వల్లిలో ఇంద్రియాలు అశ్వాలు, మనస్సు కళ్ళెం, బుద్ధి సారథి. అంతఃకరణ విచారంలో సంకల్ప వికల్పాలు మనస్సుకు, నిశ్చయం బుద్ధికి, స్మరణ చిత్తానికి లక్షణాలు. తెర ఇంద్రియస్థానీయం, కంట్రోలర్ మనఃస్థానీయం, డేటాబేస్ చిత్తస్థానీయం. తరుగు ఎంత అన్నది నిశ్చయం గనుక, అది బుద్ధిస్థానీయమైన మోడల్‌లోనే ఉండాలి. తెరలోని లెక్క వాడేవాని యంత్రంలో నడుస్తుంది. తెలిసినవాడు దానిని దాటవేయగలడు. కంట్రోలర్‌లో పెడితే ప్రవేశమార్గం పెరిగినప్పుడల్లా నియమాన్ని మళ్ళీ వ్రాయవలసి వస్తుంది. డేటాబేస్ గర్భంలో దాచితే, ఆ యువకునికి జరిగినట్లే, అది ఉన్నదన్న స్ఫురణే లోపించవచ్చు.

అలాగని మిగిలినవి నిర్వ్యాపారంగా ఉండనవసరం లేదు. బరువు గడి ఖాళీగా వదిలితే తెర వెంటనే హెచ్చరించవచ్చు. రుణసంఖ్య బరువుగా వస్తే డేటాబేస్ నిరాకరించవచ్చు. ద్వారపాలకుడు ఉండవలసినదే, తీర్పు చెప్పవలసినవాడు మాత్రం అతడు కాడు.

కర్మకాండలో ఈ లాఘవం మరింత స్పష్టం. దర్శపూర్ణమాసలు ఇష్టులన్నింటికీ ప్రకృతి. వాటి అంగకలాపం అక్కడ ఉపదిష్టమైనది. సౌర్యచరువు వంటి వికృతియాగంలో సర్వమూ పునరుక్తం కాదు. భేదం మాత్రమే చెప్పబడుతుంది, శేషం అతిదేశం చేత ప్రాప్తిస్తుంది. జైమిని మహర్షి ద్వాదశాధ్యాయాలలో ఏడు, ఎనిమిది అధ్యాయాలు అతిదేశానికే వినియోగించాడు. అగ్ని నామం ఉన్న చోట సూర్య నామాన్ని నిలిపే ఊహకు నవమాధ్యాయం ఉన్నది. ఒక్కచోట విధించి, భేదాన్ని భేదంగానే చెప్పడం మన పూర్వులకు కంఠస్థమైన పద్ధతి.

యువకుడు మూడు లెక్కలను తొలగించి, నియమాన్ని మోడల్‌లో ఒకే చోట వ్రాశాడు. తెర, సందేశం, పట్టీ మూడూ ఇప్పుడు దానినే అడుగుతాయి. నియమానికి అమలు తేదీని కూడా జతపరిచాడు. నేటి తరుగు నిన్నటి బరువుకు అన్వయించకూడదు కదా.

కాని ప్రోగ్రామును సవరించడంతో ఋణం తీరదు. మొత్తం బరువు, టిక్కీల సంఖ్య యథాతథంగా భద్రమై ఉన్నందువల్ల, తేలిక గోతాలు వచ్చిన నాటి నుండి ప్రతి పట్టీని తిరిగి లెక్కించి, నష్టపోయిన రైతుల జాబితాతో వ్యాపారి వద్దకు వెళ్ళి, దోషం తనదేనని చెప్పాడు. "అయిపోయిన పట్టీలను ఇప్పుడెందుకు కదుపుతావు? ఎవరూ అడగలేదు గదా" అన్నాడు వ్యాపారి. "మా నాన్న అడిగాడండీ. తక్కినవాళ్ళకు అడగాలని తెలియదు" అన్నాడు యువకుడు. వ్యాపారి చాలాసేపు ఆ కాగితాలు తిరగేసి, గుమాస్తాను పిలిచి చెల్లించమన్నాడు. జాబితా తేదీల వరుసలో ఉన్నది. తండ్రి పేరు తన వరుసలోనే ఉన్నది. అతనికి రావలసిన 3,000 రూపాయలు ఆ వరుసలోనే అందాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనార్హం. కఠోపనిషత్తులో బుద్ధి సారథియే గాని రథి కాదు, రథి ఆత్మ. నియమం సరియైన చోట ఉన్నంత మాత్రాన అది న్యాయమైన నియమం కాజాలదు. గోతాన్ని నిజంగా తూచి అర కిలో అనడం మనిషి చేయవలసిన పని. అన్యాయపు తరుగును కూడా మోడల్ అంతే నిష్ఠగా, అన్ని ద్వారాలలోనూ అమలు చేస్తుంది. కనుక నియమాన్ని ఒక్కచోట ఉంచేవాడు ఆ ఒక్కచోటును శుద్ధంగా ఉంచే భారాన్ని కూడా వహించాలి. మాట, చేత, వ్రాత మూడింటా ఒకే లెక్క పలికినప్పుడే ఆ రైతు ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

ఇతి శమ్.