నవాబ్ కాగజాత్

మా ఖాందాన్‌లో ఇంతవరకు యూరప్ గడ్డ మీద కాలు పెట్టినవాళ్లు ఇద్దరే. ఒకరు మా చెల్లి. రెండో శాల్తీ మా పిల్లి నవాబ్. చెల్లికి వీసా రెండు నెలల్లో వచ్చేసింది. నవాబ్ విమానం ఎక్కేసరికి ఆరు నెలలు దాటింది. ఆ ఆరు నెలల కహానీ చెబుతాను. పిల్లినో కుక్కనో వెంటబెట్టుకుని పరాయి ముల్క్ వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుంది.

మాది శంషాబాద్. పాయెగా అమీరు షమ్సుల్ ఉమరా పేరు మీద వెలసిన ఊరని పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ అమీరు ఎవరికీ గుర్తులేడు, శంషాబాద్ అంటే ఎయిర్‌పోర్టే. మా అబ్బా బేగంపేటలో టాక్సీ నడిపేవాడు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు ఇక్కడికి వచ్చేసింది. "నేను విమానాల దగ్గరికి పోవుడు బంద్, విమానాలే నా ఇంటికొచ్చినయి" అని మురిసిపోయేవాడు. దుబాయ్, జిద్దా, దమ్మామ్ వెళ్లేవాళ్లను ఎంతమందిని దింపాడో లెక్కలేదు. తను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. పాస్‌పోర్టే లేదు.

2019 చలికాలం ఒక రాత్రి పార్కింగులో బండి తీయబోతుంటే బానెట్ కింద నుంచి మ్యావ్ అని వినపడిందట. ఇంజను వేడికి ముడుచుకుని పడుకున్న పిల్లికూన. రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. అమ్మీ గడపలోనే ఆపేసింది. "నక్కో జీ, జానమాజ్ మీదంతా వెంట్రుకలైతయి" అంది. చెల్లి మాత్రం ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి, తన దుపట్టాలో పడుకోబెట్టుకుని బతికించింది. నాలుగు రోజులకే ఇంట్లో అందరి కంటే మెత్తటి చోటు దానిదే అయిపోయింది. అందుకే అబ్బా దానికి నవాబ్ అని పేరు పెట్టాడు.

2021 మేలో కరోనా అబ్బాను తీసుకుపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నవాబ్ టాక్సీ డ్రైవర్ సీట్లోనే పడుకునేది. బండి అమ్మేసిన రోజు ఖాళీ జాగాలో కూర్చుని గేటు వైపే చూస్తూ ఉండిపోయింది. చెల్లికి నిఖా అయి దుల్హాభాయ్ దగ్గరికి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాల్సి వచ్చినప్పుడు పెట్టిన షరతు ఒక్కటే: "నవాబ్ నాతోనే వస్తాడు."

ఇందులో పెద్ద పనేముందిలే అనుకుని 2024 ఏప్రిల్‌లో నవాబ్‌ను తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించుకొచ్చాను. ముందే పని ముగించానని షాన్‌గా చెల్లికి చెప్పాను కూడా. నెల తర్వాత దుల్హాభాయ్ ఫోన్‌లో అడిగాడు. "చిప్ ఎప్పుడు వేయించారు భాయిజాన్?" నాకు చిప్ అంటే ఏమిటో తెలియదు.

చిప్ అంటే బియ్యపు గింజంత ఉంటుంది. మెడ దగ్గర చర్మం కింద సూదితో పెడతారు. అందులో పదిహేను అంకెల నంబరు. రీడర్ దగ్గర పెడితే ఆ నంబరు కనబడుతుంది. యూరప్ ఖానూన్ ప్రకారం ముందు చిప్, ఆ తర్వాతే టీకా. కనీసం రెండూ అదే రోజు, అదే వరసలో. చిప్ లేకుండా వేసిన టీకా వేయనట్టే లెక్క. ఎందుకంటే ఆ టీకా ఈ పిల్లికే వేశారని షహాదత్ ఇచ్చేది ఆ నంబరే. తొందరలో నేను చేసిన పని అంతా బేకార్ అయిపోయింది.

జూన్ 10న చిప్ పెట్టించి మళ్లీ టీకా వేయించాం. దాంతో అయిపోలేదు. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీయాలి. యూరప్ వాళ్లు గుర్తించిన ల్యాబులోనే పరీక్ష చేయించాలి. రేబిస్‌ను తట్టుకునే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. అది తేలినా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నెలలు. జర్మనీకైనా ఫ్రాన్స్‌కైనా మన దేశం నుంచి వెళ్లే పిల్లికీ కుక్కకీ ఇదే కాయిదా. చెల్లి టికెట్టు జూన్ 24కు.

మొదట నాకు కోపం వచ్చింది. మన పిల్లి మీద వాళ్లకింత షక్ ఏమిటని. తర్వాత చదివితే తెలిసింది. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడ్డాక ఇలాజ్ లేదు. కాటుకూ జబ్బుకూ మధ్య వారాలు, నెలలు కూడా గడవొచ్చు. అప్పటికే లోపల రోగం ఉంటే ఆ మూడు నెలల్లో బయటపడుతుందని ఆ ఇంతెజార్. మన గల్లీల్లో కుక్కలకు టీకాలు వేయని గునాహ్‌కు మా నవాబ్ సజా అనుభవిస్తున్నాడన్నమాట.

ఇంకో మాట కూడా తోచింది. చెల్లి ఫైల్లో నిఖానామా, జీతం చీటీలు, ఇంటి కిరాయి కాగితం, ఇన్సూరెన్స్, ఫొటోలు అన్నీ ఉన్నాయి. నవాబ్‌ను మాత్రం అడిగింది ఒకటే సవాల్: నీవల్ల ఎవరికైనా రేబిస్ వస్తుందా? నువ్వెవరి బిడ్డవు, ఏం తింటావు, ఎందుకు వస్తున్నావు, మళ్లీ పోతావా అని ఎవరూ అడగలేదు.

బక్రీద్ అయిన వారానికి చెల్లి వెళ్లిపోయింది. డిపార్చర్ గేటు దాకా పదిమందిమి వెళ్లాం. ఎవరైనా పరదేశం పోతుంటే శంషాబాద్‌లో అంతే కదా, ఒకరు ఎక్కితే ఒక జీపు నిండా జనం దింపడానికొస్తారు. చెల్లి అమ్మీని కావలించుకుని ఏడ్చింది. "నవాబ్‌ను చూసుకో అమ్మీ, అది నా అమానత్" అంది. అమ్మీ సరే అని తలూపింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పెంపుడు జంతువుగా వెళ్లాలంటే యజమాని ప్రయాణానికీ దాని ప్రయాణానికీ మధ్య ఐదు రోజుల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. లేదంటే వ్యాపారం సరుకు కింద లెక్క, దాని కాయిదాలు వేరే. అంటే చెల్లి తిరిగొచ్చి తీసుకెళ్లాల్సిందే. డిసెంబరులో మా మామూ కొడుకు షాదీ ఉంది, అప్పుడొస్తానంది.

ఆ ఐదారు నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. మొదటి వారం నవాబ్ చెల్లి గది తలుపు ముందు పడుకుంది. రెండో వారం అమ్మీ మంచం కింద. ఆ తర్వాత మంచం మీద. అబ్బా పోయినప్పటి నుంచి అమ్మీ రాత్రిళ్లు సరిగా నిద్రపోదు. ఇప్పుడు నడిరాత్రి లేచినా మాట్లాడటానికి ఒకరున్నారు. ఫజర్‌కు లేవగానే వజూ కంటే ముందు దాని గిన్నెలో నీళ్లు మార్చేది. ఖీమా వండితే ఉప్పూ కారం వేయకముందే దాని హిస్సా పక్కకు తీసేది. వెంట్రుకలైతయని గొడవ చేసిన మనిషి, జానమాజ్ దులుపుకుంటూ "నవాబ్ సాబ్ తషరీఫ్ తెచ్చిండు" అని నవ్వేది.

ఒక సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. జులై 12న రక్తం తీయించాం. ఆగస్టులో రిపోర్టు వచ్చే ముందు, నంబరు 0.5 కంటే తక్కువ వస్తే బాగుండునని మనసులో దువా చేసుకున్నాను. ఫెయిలైతే మళ్లీ టీకా, మళ్లీ రక్తం, మళ్లీ మూడు నెలలు. డిసెంబరు దాటిపోతుంది, నవాబ్ అమ్మీ దగ్గరే ఉంటాడు. పాసైంది. రెండు రోజులు ఆ మెయిల్ చెల్లికి పంపకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. మూడో రోజు షరమ్ వేసి పంపాను.

డిసెంబరులో చెల్లి వచ్చింది. చివరి కాగజ్ మిగిలింది. యూరప్‌లో అడుగుపెట్టే ముందు పది రోజుల లోపు తీసుకోవాల్సిన హెల్త్ సర్టిఫికెట్. అది ఏ డాక్టర్ పడితే ఆ డాక్టర్ ఇస్తే చెల్లదు, హుకూమత్ తరఫు వెటర్నరీ అధికారి దస్తఖత్ ఉండాలి. మనకు దూరం పోయే పని లేదు, కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం శంషాబాద్‌లోనే ఉంది. చిప్ చదివి, కాగితాల్లో నంబరుతో సరిపోల్చి, పిల్లిని చూసి ముహర్ వేస్తారు. ఒక్క అంకె తప్పినా అవతలి ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపొచ్చు, క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఏదీ కుదరకపోతే ప్రాణం తీసే ఇఖ్తియార్ కూడా ఆ ఖానూన్‌లో రాసి ఉంది. అది చదివాక ఆ పదిహేను అంకెలనూ పదిహేను సార్లు సరిచూసుకున్నాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు వంటింట్లో చెల్లి నాతో మెల్లగా అంది. "భాయిజాన్, నవాబ్‌ను ఇక్కడే వదిలిపోనా? అమ్మీ మంచం చూసినవు కదా." నేను ఏమీ అనలేదు. నాలుగు నెలల కింద నేను చేసుకున్న దువానే ఇప్పుడు చెల్లి నోట్లోంచి వస్తోంది. అవును అనడానికి నోరు తెరిచాను. ఇంతలో అమ్మీ గుమ్మంలోకి వచ్చింది.

"బతికించింది నువ్వు. నేను చూసుకున్న, అంతే. అమానత్‌ను అట్టిపెట్టుకుంటే ఖయానత్ అయితది. తీస్కపో బేటీ" అంది. అని, పొయ్యి మీద చాయ్ పొంగుతుంటే మంట తగ్గించింది.

డిసెంబరు 28 రాత్రి మళ్లీ అదే డిపార్చర్ గేటు. సంచీతో కలిపి ఎనిమిది కిలోలు దాటకపోతే సీటు కింద పెట్టుకోనిస్తామని ఎయిర్‌లైన్స్ వాళ్లు ముందే చెప్పారు. ఇంట్లో తక్కెడ మీద తూస్తే ఆరున్నర. అమ్మీ సంచీ జాలీలోంచి వేలు దూర్చింది. నవాబ్ నాకాడు. "అల్లా కే హవాలే" అంది. లోపలికి వెళ్లాక ఏమైందో చెల్లి తర్వాత ఫోన్‌లో చెప్పింది. ఖాళీ సంచీ ఎక్స్‌రేలోకి పోయిందట, నవాబ్ మాత్రం చెల్లి భుజం మీద కూర్చుని సెక్యూరిటీ దాటాడట. అవతల ఫ్రాంక్‌ఫర్ట్‌లో కస్టమ్స్ వాళ్లకు కాగితాలు చూపించారు, చిప్ చదివారు, అంతే.

అబ్బా ఎన్నడూ దాటని ఆ గేటును ఆయన బానెట్ కింద దొరికిన పిల్లి దాటిపోయింది. ఇంటికొచ్చేదాకా అమ్మీ మాట్లాడలేదు. పొద్దున లేచి అలవాటుగా గిన్నెలో నీళ్లు పోసింది. పోసినాక గుర్తొచ్చి, ఆ గిన్నె తీసుకెళ్లి గల్లీ పిల్లుల కోసం గోడ పక్కన పెట్టింది.

పోయిన వారం అడిగింది. "నవాబ్ మళ్ల ఈడికి రావాలంటే?" చెప్పాను. ఇటు రావడానికీ కాగజాత్ ఉన్నాయి, ముందే క్వారంటైన్ శాఖ నుంచి ఎన్ఓసీ తీసుకోవాలి. కుక్కలూ పిల్లులూ దిగడానికి దేశం మొత్తంలో కొన్ని ఎయిర్‌పోర్టులకే ఇజాజత్, అందులో మన హైదరాబాద్ ఒకటి. "అంటే మన ఊర్లనే దిగొచ్చు" అని ఖుష్ అయింది. కాసేపాగి, "అంతకంటే నేనే పోయి చూసొస్త. నాకు పాస్‌పోర్టు తియ్" అంది.

ఫారం నింపడానికి కూర్చున్నాం. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాం. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. ఓటరు కార్డులో ఇంకో సంవత్సరం. బర్త్ సర్టిఫికెట్ అసలే లేదు. స్కూలు మొహం చూడలేదు. అమ్మీకి తెలిసిందల్లా, తను పుట్టిన ఏడు మూసీకి నీళ్లు బాగా వచ్చాయని.

పక్కనే నవాబ్ ఫైలు జిరాక్సులున్నాయి. అమ్మీ వాటిని తిప్పి చూసి, పుట్టిన తేదీ ఉన్న చోట వేలు పెట్టి అడిగింది. "దీనికెట్ల తెలిసింది?"

డాక్టర్ సాబ్ పళ్లు చూసి అందాజాగా రాశాడని చెప్పాను. రెండు ముల్కులూ ఒప్పుకున్నాయి.

అమ్మీ కళ్లద్దాలు తీసి, నవ్వుతూ నోరు తెరిచి చూపించింది. "అయితే నాకు గూడ అట్లనే రాయమను."