మన స్టేషన్ల మీదుగా మైదానానికి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళకు కలకత్తా పరాయి ఊరు కాదు. హైదరాబాదు మొగం చూడనివాళ్ళు మా పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. కాని కలకత్తాలోనో, ఖరగ్‌పూర్‌లోనో, టిటాగఢ్ జనపనార మిల్లుల్లోనో ఒక చుట్టమైనా లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవలసిందే!

దీనికంతటికీ కారణం రైలు. 1890ల్లో సముద్రతీరం వెంట పడిన దారిలో వాల్తేరుకు ఉత్తరపు భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. 1931లో విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దారి పూర్తయింది. 1955లో ఆ రైల్వే పేరు సౌత్ ఈస్టరన్ అయింది. 2003లో మా స్టేషన్లు ఈస్టు కోస్టు రైల్వే కిందికి పోయాయి. అయినా పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపించేది “బీయెన్నార్” అన్న మాటే.

ఆ రైలు మావాళ్ళను ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా, కూలీలుగా తీసుకుపోయింది. సంక్రాంతికి తిరిగి తెచ్చినప్పుడు వాళ్ళ ట్రంకుపెట్టెలతోపాటు ఫుట్‌బాల్ కబుర్లనూ మోసుకొచ్చింది. విజయనగరం కోటవారి ఆట క్రికెట్టు. 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళిన మహారాజ్‌కుమార్ విజ్జీని ఎరుగనివారు లేరు. రైల్వే క్వార్టర్ల ఆట మాత్రం ఫుట్‌బాలే. ఆ కబుర్లలో తరచు వచ్చే పేరు తులసీదాస్ బలరాం.

బలరాం మా జిల్లాలవాడు కాడు. 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రవాడు. ఆయనను దగ్గరకు తీసిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాహెబు ఒకప్పటి ఆటగాడు, వృత్తిరీత్యా బడిపంతులు, ఆ తరువాత దేశపు జట్టును నడిపిన ఘనుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. బలరాం అప్పటికి 20 ఏళ్ళవాడు. మరుసటి ఏడు కలకత్తా చేరి ఈస్టు బెంగాల్ ఎరుపు, బంగారు రంగుల చొక్కా తొడిగాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. ఆ రెండు ఆటలూ మనం ఓడిపోయాం. కాని ఆ గోళ్ళను తలుచుకునేవాళ్ళు ఓటమి మాట ఎత్తరు!

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మనవాళ్ళు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అంతకుముందు జపాను మీద గెలిచిన ఆటలో బలరాం ఒక గోలు చేశాడు. ఆ ఏడే అర్జున అవార్డు వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

1963 జూన్ 11న రహీమ్ సాహెబు క్యాన్సరుతో కన్నుమూశారు. ఈస్టు బెంగాల్ విడిచి బి.ఎన్.ఆర్. జట్టుకు వచ్చిన బలరాంను ఊపిరితిత్తుల జబ్బు పట్టుకున్నది. ఇంకొకరికి ఆట పదునెక్కే వయసులో, 27 ఏళ్ళకే, ఆయన బూట్లు విప్పవలసి వచ్చింది. తరువాత పిల్లలకు ఆట నేర్పాడు, ఆటగాళ్ళను ఎంపిక చేసే పని చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా కాలం గడిపి, 2023 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయాడు.

ఆ ఏడు చలికాలపు సెలవుల్లో నేను హౌరా రైలెక్కాను. చీపురుపల్లి దాటింది, ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు దాటింది, నాగావళి వంతెన మీద గడగడలాడింది. ఆమదాలవలసలో రైలు ఆగినప్పుడు ఊసవానిపేట గుర్తుకొచ్చింది. 2000లో సిడ్నీ నుంచి బరువులెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆ ఊరి పిల్లే. ఇక్కడికి కాస్త దూరంలో, శ్రీకాకుళం పట్టణంలో, మల్లయోధుడు కోడి రామమూర్తి పేర స్టేడియమున్నది. బలాన్ని మెచ్చుకోవడం ఎరిగిన నేల ఇది.

వంశధార దాటి పలాస వచ్చేసరికి జీడిపప్పు పొట్లాలవాళ్ళతోపాటు ఒక వృద్ధుడు ఎక్కాడు. ఎనభై దాటి ఉంటాయి. ఖరగ్‌పూర్ వర్కుషాపులో చేసి రిటైరయ్యాడట. నా చేతిలోని పత్రికలో బొమ్మ చూసి పలకరించాడు.

“ఏటి మాస్టారూ, బలరాం బాబు కోసమా చదువుతన్నారు?”

మా వైపు ‘గురించి’ అనడానికి ‘కోసం’ అంటారు. అవునన్నాను.

“నాను చూసాను బాబూ ఆయన ఆట. మా అయ్య నన్ను అరవై ఒకటిలో కలకత్తా మైదానానికి తీసికెల్లాడు. బాలు కాలికి కట్టీసినట్టే ఉండీది. ఎదరోడు ఇటు దూకితే బాలు అటు పోయీది. ‘ఆయన మీవోడే కదా’ అని బెంగాలీలు మాకు ముందర చోటిచ్చీవోరు.”

మీవాడే! సికింద్రాబాదు ఎక్కడ, పలాస ఎక్కడ? కలకత్తా మైదానంలో ఆ దూరమంతా చెరిగిపోయింది కాబోలు. నేను పద్మశ్రీ మాట ఎత్తాను. ఆయనతో కలిసి ఆడిన ప్రదీప్ కుమార్ బెనర్జీకి, చునీ గోస్వామికి ఆ గౌరవం దక్కింది. బలరాంకు దక్కలేదు. ముసలాయన చెయ్యి విదిలించాడు.

“అది ఇచ్చీవోల సంగతి. నా బెంగ అది కాదు మాస్టారూ. ఆయన పోయాడని తెలిసిన్నాడు మావోలకి ఫోన్లు చేసాను. ఆయన ఆట కంటితో చూసినోలం నలుగురమే మిగిలాం. మేమూ పోతే, ఆ బాలు అటు ఎలా పోయీదో ఎవులు సెప్తారు?”

నా దగ్గర జవాబు లేదు. సోంపేట వచ్చింది, ఇచ్ఛాపురం వచ్చింది. ఇచ్ఛాపురంతో మన రాష్ట్రం అయిపోతుంది. చిలకసరస్సు పక్కన పొద్దు వాలేదాకా ఆయన ఒక్కొక్క గోలూ నాకు చేతులతో గీసి చూపించాడు.

మర్నాడు హౌరా నుంచి లోకల్ రైలులో ఉత్తరపాడా వెళ్ళాను. లిలువా, బేలూరు, బాలీ, ఆ తరువాత ఉత్తరపాడా. 1859లో పెట్టిన జయకృష్ణ గ్రంథాలయం ఏటి ఒడ్డునే ఉన్నది. దాని మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. 2020లో మార్చి 20న బెనర్జీ, ఏప్రిల్ 30న గోస్వామి పోయారు. ఆ ముగ్గురిలో చివరివాడు ఇక్కడ మిగిలి, ఈ నీళ్ళను చూస్తూ మరి మూడేళ్ళు ఉన్నాడు. పుట్టిన ఊరికి తిరిగి రానందుకు ఆయనను మనం తప్పు పట్టలేం. బతుకు తెరువు చూపిన ఊరే సొంత ఊరు కావడం మా జిల్లాలవాళ్ళకు తెలియని సంగతి కాదు.

ఆటగాడు కవివంటివాడు కాదు. కవి పోయినా పద్యం పుస్తకంలో ఉంటుంది. బలరాం కాలి విద్య ఏ పుస్తకంలోనూ లేదు. గోళ్ళ లెక్క కాగితాల మీద ఉంటుంది, ఆ వయ్యారం మాత్రం చూసినవాళ్ళ కళ్ళలోనే ఉంటుంది. ఆ కళ్ళు ఇప్పుడు పలాసలో, ఖరగ్‌పూర్ క్వార్టర్లలో, మన ఇళ్ళ అరుగుల మీద ఉన్నాయి. పాఠకుల ఇళ్ళల్లో బీయెన్నార్ తాతగారెవరైనా ఉంటే, ఈ సంక్రాంతికి పక్కన కూర్చుని అడగండి. ఆయన చెప్పిందంతా ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.