సిస్టరమ్మ కట్టిన దారాలు

మీరెప్పుడైనా గుంట మగ్గం చూశారా? నేతగాడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి చెక్కలు తొక్కుతూ ఉంటాడు. కాలు ఆగితే మగ్గం ఆగినట్టే. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మా తాత అలాగే బతికాడు.

తాతకు చక్కెర జబ్బు వచ్చింది. ఇది జలుబులాగా నాలుగు రోజులుండి పోయేది కాదు. అదుపులో పెట్టుకుంటూ జన్మంతా దానితో కాపురం చెయ్యాలి. కాని ఒంట్లో కులాసాగా ఉందనిపిస్తే చాలు, తాత మాత్రలు మానేసేవాడు. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే పాదాల నరాలు చెడి, స్పర్శ పోతుంది. ఒకనాడు తొక్కే చెక్కలోని మేకు అరికాలిలో దిగబడితే తాతకు తెలియనే లేదు! నేల మీద రక్తం చూసి అవ్వ కేక పెట్టింది.

పుండు ముదిరింది. ఒక పెద్ద ఆసుపత్రికి పోయి మధ్యాహ్నం దాకా నిలబడ్డాక, అది మేము నిలబడవలసిన వరస కాదన్నారు. "కాలు పోతే పోనీ, ఈ తిరుగుడు నావల్ల కాదు," అని తాత ఇంటికి వచ్చేశాడు.

బతిమాలి ఆదోని తీసుకుపోయాను. అక్కడి సిస్టరమ్మ పుండుకు కట్టు కట్టి, తాత సంచీ బోర్లించింది. పాత చీటీలన్నీ తేదీల వరసన కుట్టి నాకిచ్చింది.

"కర్నూలు డాక్టరుగారికి ఇవి చూపించు. రేషను కార్డు మరిచిపోకు. పరగడుపున రక్తం తీస్తారు. తీశాక పెట్టటానికి ఇడ్లీలు కట్టుకుపో," అన్నది.

కట్టు మార్చుకోవటానికి ఆదోని దాకా రానక్కరలేకుండా, ఎమ్మిగనూరు నర్సుకు తనే ఫోను చేసి చెప్పింది.

తాతకు చదువు రాదు. మాత్రలు చూస్తే అన్నీ తెల్లనివే.

"పెద్దాయనా, రంగులు గుర్తుపడతావా?" అన్నది సిస్టరమ్మ.

"నలభై ఏళ్ళుగా రంగు నూలు నేస్తున్నానమ్మా!" అని తాత నొచ్చుకున్నాడు.

ఆమె నవ్వి, తిండికి ముందు వేసుకునే పొట్లానికి ఎర్రదారం, తరవాత వేసుకునేదానికి నీలిదారం కట్టింది. అటు తరవాత తాత ఒక్క పూటా మాత్ర తప్పలేదు. నాకూ ఒక పని చెప్పింది: "రోజూ రాత్రి ఆయన అరికాలు చూడు. కాలు చెప్పలేనిది నీ కళ్ళు చెప్పాలి."

కర్నూలులో రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది.

మగ్గం మళ్ళీ ఆడాక నేసిన మొదటి తువ్వాలు పట్టుకుని ఆదోని వెళ్ళాం. సిస్టరమ్మ తువ్వాలు వంక చూడనైనా చూడలేదు.

"ముందు ఆ చెప్పు విప్పు, పెద్దాయనా," అన్నది.