కిటికీ సీటు

"నావల్ల కాదమ్మా. ఎంపీసీ మానేసి సీఈసీలో చేరిపోతా" అంటూ కెమిస్ట్రీ పేపరు మంచం మీద విసిరేసింది మా అమ్మాయి. రహమత్ నగర్‌లో మాది ఒకే గది ఇల్లు. మావారు సినిమాలకు లైట్‌మన్. ఆ రాత్రి షూటింగుకి వెళ్లారు. నేను చపాతీ పిండి కలుపుతున్నాను.

చేయి కడుక్కుని పేపరు చూశాను. ప్రొపీన్‌కి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ఏమొస్తుంది? పెరాక్సైడ్ కూడా ఉంటే ఏమొస్తుంది? రెండింటికీ ఒకే జవాబు రాసింది.

"రెండోసారి క్రియాజన్యం మారుతుంది కదే!" అన్నాను.

"అంటే?"

"ప్రొడక్టు." ఆ మాట పలికి ఇరవై ఏళ్లయింది. తెలుగు మీడియంలో ఇంటర్ పాసయ్యాక నాకు పెళ్లి చేసేశారు.

మొదటిది గుర్తుంది. మార్కొనికాఫ్ నియమం. 'ఉన్నవాళ్లకే ఇంకా' అనేవారు మా లెక్చరరు. ద్విబంధంలో హైడ్రోజన్లు ఎక్కువున్న చివరి కార్బన్‌కే కొత్త హైడ్రోజన్ చేరుతుంది. బ్రోమిన్ మధ్య కార్బన్‌కి వెళ్లి 2-బ్రోమోప్రొపేన్ అవుతుంది. పెరాక్సైడ్ దగ్గర మాత్రం నేనూ ఆగిపోయాను. పుస్తకం తీశాం. అది ఇంగ్లిషు చదివింది, నేను తెలుగులో అడిగాను.

చివరికి దారి దొరికింది. "చివరి కార్బన్ బస్సులో కిటికీ సీటనుకో. ముందెక్కినవాళ్లు అక్కడే కూర్చుంటారు. మామూలుగా ముందెక్కేది హైడ్రోజన్. పెరాక్సైడ్ ఉంటే ముందు బ్రోమిన్ ఫ్రీ రాడికల్ ఎక్కుతుంది. హైడ్రోజన్‌కి మధ్య సీటే గతి."

"అయితే 1-బ్రోమోప్రొపేన్!" అంది.

ఒకే చర్యకి ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకోటి వస్తుంటే శాస్త్రవేత్తలే తికమకపడ్డారట. గాలి తగిలి పుట్టిన పెరాక్సైడే కారణమని 1933లో అమెరికాలో ఖరాష్, మేయో తేల్చారు. అది చదివాక మా అమ్మాయి మొహం తేటపడింది. "వాళ్లకే తెలియలేదా? మరి నాకు మార్కులెందుకు తీసేశారు?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తెల్లారి మావారు వచ్చేసరికి పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోతోంది. కాగితం నిండా బాణం గుర్తులు. సీఈసీ మాట మళ్లీ ఎత్తలేదు.

మొన్న జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వెళ్లొచ్చాను. 1982 నుంచీ ఉందట. ఇంటికింత దగ్గర్లో ఉన్నా, లోపలికి వెళ్లి డిగ్రీ సంగతి అడగడం ఇదే మొదటిసారి. "ఎవరికమ్మా, మీ అమ్మాయికా?" అన్నారు అక్కడ.

"కాదండీ, నాకే" అన్నాను.