పథ్యం పేరుతో పస్తు

అండాశయ క్యాన్సర్‌తో వచ్చినామెని "ఏం తింటున్నావమ్మా?" అంటే ఆమె అక్క అందుకుంది. "చారన్నమే పెడుతున్నామండీ. పప్పు తింటే ఆపరేషన్ కుట్లకి చీము పడుతుందన్నారు. గుడ్డు వేడన్నారు. పెరుగూ మానిపించాం."

గట్టిగా కేకలేయబోయాను. అక్క ఒళ్లో స్టీలు క్యారియరు. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో చారు తొణక్కుండా పట్టుకొచ్చింది. అంత ప్రేమగా చెల్లెల్ని పస్తు పెడుతోంది.

అండాశయ క్యాన్సర్ చాలామందిలో బయటపడేసరికే కడుపంతా పాకి ఉంటుంది. పొట్టలో నీరు చేరుతుంది. అది వట్టి నీరు కాదు, ఒంట్లోని మాంసకృత్తులు అందులోకి దిగుతాయి. సూదితో తీసిన ప్రతిసారీ నీటితోపాటు అవీ పోతాయి. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. నీటి బరువు వల్ల తూకం మాత్రం తగ్గదు. "ఒళ్లు చేసిందండీ" అంటారు ఇంట్లోవాళ్లు. పొట్ట కాదమ్మా, దండచేతులు చూడండి. ఈమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఈమెకి మూడు వారాలకోసారి కీమో మందులు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. మొత్తం 6 విడతలు. మూడో విడత అయిన 12వ రోజున 102 జ్వరంతో తీసుకొచ్చారు. తెల్ల రక్తకణాలు పడిపోయాయి. రక్తంలో 3.5 పైన ఉండాల్సిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు 2.4 ఉంది. వారం రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించాం. గట్టెక్కింది. నాలుగో విడత వాయిదా పడింది.

"మందు పడలేదు" అన్నారు చుట్టాలు. కణాలు తగ్గించింది మందే, కాదనను. తట్టుకుని లేచే సత్తువ లేకుండా చేసింది మాత్రం ఆ పథ్యం.

నా తప్పూ ఉంది. మొదటి రోజే రక్తపరీక్షలో సీఏ-125 ఎంతో రాసుకున్నాను, స్కాన్ చూశాను. ఇంట్లో ఏం వండుతున్నారో అడగలేదు. అడిగి ఉంటే ఆ జ్వరం రాకపోయేదని చెప్పలేను. కానీ అంత నీరసంగా దాని చేతికి చిక్కేది కాదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడక్కుండా కీమో చీటీ రాయను.

క్యారియరు మోసుకొచ్చే అక్కలకీ అమ్మలకీ చెబుతున్నాను. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, కిలో బరువుకి రోజుకి గ్రాము నుంచి గ్రామున్నర దాకా మాంసకృత్తులు కావాలి. గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాయి. బాగా ఉడికించి పెట్టండి. ముద్దపప్పు, పెరుగన్నం, చేపల పులుసు, ఏది సయిస్తే అది, రెండు గంటలకోసారి రెండేసి ముద్దలు. వాంతులై, పొట్ట బిగిసి, గాలి కూడా పోకపోతే ఏమీ పెట్టకుండా తీసుకురండి. జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రయినా బయల్దేరండి, తెల్లారేదాకా ఆగకండి.